కారు తప్ప అన్నీ

ఆయనకి అమ్మానాన్నలు పెట్టిన పేరు ఆఫీసు రికార్డుల్లో భద్రంగా ఉంది. బయట మాత్రం అందరూ మిల్లీమీటర్ గారనే అంటారు. వాహనాల తనిఖీ కేంద్రంలో ఇరవై తొమ్మిదేళ్ళుగా ఇన్‌స్పెక్టరు. రోజుకి పాతిక బళ్ళ కింద దూరి, టేపు పట్టి, కంపెనీ వాడు చేసిందేదో, ఓనరు చేయించుకున్నదేదో తేల్చడం ఆయన పని. వెడల్పు టైర్లు, కోసేసిన స్ప్రింగులు, వీధి చివరిదాకా వినబడే సైలెన్సర్లు ఆయన కంట పడ్డాయా, ఆ మార్పు తీసేదాకా బండి రోడ్డెక్కకూడదని ఓనరు చేతికి ఎర్ర కాయితం వచ్చేది.

ఆ ఎర్ర కాయితంలో మూడు గడులుంటాయి. మార్పు ఏమిటి, కొలత ఎంత, కారణం ఏమిటి. మొదటి రెండూ ముత్యాల్లాంటి అక్షరాలతో నింపి, మూడో గడికి అడ్డంగా గీత కొట్టేవారు. "కారణానికి టేపు పట్టదు కదండీ," అనేవారు. ఓనర్లు ఏదో చెప్పబోయేవాళ్ళు. ఒకసారి ఒక పెద్దాయన, బ్రేకు చేత్తో వేసుకునేలా కడ్డీ బిగించుకున్నాయన, "నా కుడి కాలు..." అని మొదలుపెట్టాడు. "కాలు సంగతి నాకెందుకండీ, కడ్డీ సంగతి చెప్పండి," అన్నారు మిల్లీమీటర్ గారు. ఆ పెద్దాయన చెప్పేలోపే ఈయన తర్వాతి బండి కింద ఉన్నారు.

ఆయన భార్యది సరిగ్గా దీనికి తిరగేసిన వృత్తి. ఇంటి ముందు గదిలో కుట్టు మిషను పెట్టుకుని రెడీమేడ్ బట్టలు సరిచేసేది. నడుములు బిగించడం, పొడవులు తగ్గించడం, చంకల దగ్గర కాస్త వదలడం. "కొన్నది కొన్నట్టు పట్టే ఒళ్ళు నాకింతవరకూ తగల్లేదు," అనేది.

ఆయన వెంటనే ఛాతీ మీద తట్టుకునేవారు. "ఇదిగో, తగిలింది. నలభై సైజు. షాపువాడు ఇచ్చింది ఇచ్చినట్టే. వేసి చూసుకోవడం కూడా ఉండదు. నేను స్టాండర్డు మనిషిని."

ఆవిడ పళ్ళ మధ్య గుండుసూదులుండేవి కాబట్టి ఏమీ అనేది కాదు.

అలాంటి మనిషి ఒకరోజు తనిఖీ వరసలో ఒక కారుని చూసి మనసు పారేసుకున్నారు. పన్నెండేళ్ళ నాటి ఎర్ర హాట్ హ్యాచ్‌బ్యాక్. చూడ్డానికి కూరగాయలు తెచ్చుకునే చిన్న బండి, బానెట్ ఎత్తితే రెండు కార్లకి సరిపడా ఇంజను. ఈ రకం కారు ఎవరి చేతిలో పడ్డా ముందు దాన్ని నేలకి దించుతారు, తర్వాత సైలెన్సరు పీకుతారు, ఆ తర్వాత వెనక ఒక రెక్క తగిలిస్తారు. దీన్ని మాత్రం ముసలి పళ్ళ డాక్టరొకాయన పన్నెండేళ్ళూ ముట్టుకోకుండా నడిపాడు. బోల్టుల మీద ఫ్యాక్టరీలో పెట్టిన పసుపు చుక్కలు కూడా చెదరలేదు. మిల్లీమీటర్ గారు ఆ కారు కింద పడుకునే కళ్ళు తుడుచుకున్నారు.

నెల తిరక్కుండా అది ఆయన ఇంటికొచ్చింది. వచ్చేముందు భార్యకి మాట ఇచ్చారు: "నడిపేది నువ్వే. నేను పక్కన కూర్చుంటాను." ఆవిడ యాభై రెండో ఏట డ్రైవింగ్ స్కూలుకి వెళ్ళి, మూడో ప్రయత్నంలో లైసెన్సు తెచ్చుకుని, ఏడాదిగా దాన్ని బీరువాలో పెట్టి అప్పుడప్పుడూ తీసి చూసుకుంటోంది. సరిచేసిన బట్టల మూటలు మోసుకుంటూ, రెండు బస్సులు మారి, ఊరి అవతలి షాపులకి వెళ్ళొస్తోంది. ఆ మూటలు వెనక సీట్లో పడేసి, ఎవరికోసమూ ఆగకుండా, తనే నడుపుకుంటూ వెళ్ళాలన్నది ఆవిడ కోరిక. జీవితంలో ఆయన్ని అడిగింది అదొక్కటే.

కారు గేటు దగ్గరికి రాగానే ముందు బంపరు కింద గర్రుమని రాసుకుంది. గేటు ముందు వాలు మరీ నిటారుగా ఉంది. ఆవిడ తమ్ముడికి పక్క వీధిలో గ్యారేజీ. ఉన్న కారుని లేని కారులా మార్చడమే అతని పని. బావగారు ఇచ్చిన ఎర్ర కాయితాలన్నీ గోడకి వరసగా అంటించుకున్నాడు, బళ్ళో బహుమతులొచ్చినట్టు.

"స్ప్రింగుల కింద చిన్న ప్యాకింగు వేస్తాను బావా. అంగుళం లేస్తుంది. మధ్యాహ్నానికి అయిపోతుంది," అన్నాడు.

"కారు మీద చెయ్యి పడకూడదు," అన్నారు మిల్లీమీటర్ గారు. అని, మేస్త్రీని పిలిచి వాలు పగలగొట్టించి, కొత్తది వీధి మధ్యదాకా పొడుగ్గా పోయించారు. మర్నాటి నుంచి వీధిలో సైకిళ్ళన్నీ దాని మీదకెక్కి దిగి వెళ్ళడం మొదలుపెట్టాయి.

తర్వాత షెడ్డు. ఈ కారుకి రెండే తలుపులు, రెండూ పొడుగు. షెడ్డులో పెడితే తలుపు సగమే తెరుచుకుంటుంది. తలుపు ఎలాగూ మార్చరు కాబట్టి, షెడ్డుకీ కుట్టు గదికీ మధ్యనున్న గోడని లోపలికి చెక్కించారు.

"ఇంకా చెక్కితే గోడ సగమే మిగులుతుందండీ," అన్నాడు మేస్త్రీ.

"కారు మొత్తం మిగులుతుంది కదా," అన్నారు ఈయన.

తర్వాత సీటు. నడుముని రెండు వైపులా గట్టిగా పట్టుకునే సీట్లవి. బావమరిది స్పాంజి కాస్త తీసేస్తానన్నాడు. ఆయన ససేమిరా అని, సాయంత్రం బిస్కెట్లు మానేసి, తెల్లారి లేచి వీధులన్నీ తిరిగి, రెండు నెలల్లో నాలుగు కిలోలు తగ్గారు. సీటు స్పాంజి చెక్కుచెదరలేదు.

అప్పుడొచ్చింది అసలు చిక్కు. ఆవిడ డ్రైవింగ్ సీట్లో కూర్చుంది. సీటు చివరిదాకా ముందుకి జరిపితే క్లచ్చి మీద బొటనవేలు ఆనింది గానీ పూర్తిగా అణగలేదు. కళ్ళకి మీటర్లు కనిపించాయి, రోడ్డు కనిపించలేదు.

"ఏముంది బావా," అన్నాడు బావమరిది. "పెడల్ల మీద రెండేసి బోల్టులతో చిన్న దిమ్మలు, సీటు కింద ప్యాకింగు. అరగంట పని. అక్క హాయిగా నడుపుతుంది."

"బోల్టంటే రంధ్రం. రంధ్రం పడ్డాక అది ఆ కారే కాదు."

"అక్క కోసమే కొన్నారు కదా?"

"కాదన్నానా? కారు జోలికి పోకుండా నడుపుతుంది."

తను పట్టిన కుందేలుకి మూడే కాళ్ళన్న మనిషితో ఎవరు వాదించగలరు. ఆవిడని చెప్పులు కుట్టే అతని దగ్గరికి తీసుకెళ్ళి, రెండున్నర అంగుళాల అడుగుతో బూట్లు చేయించారు. సీటు మీద దిండు వేశారు. దిండు మార్పు కాదా అని బావమరిది అడిగితే, బోల్టు వెయ్యనిదంతా సామానేనని తీర్పు చెప్పారు. దిండు మీద కూర్చుంటే రోడ్డు కనిపించింది, కాళ్ళు మళ్ళీ పైకి పోయాయి. బూట్ల అడుగు మూడున్నర అయింది. అప్పుడు మోకాళ్ళు స్టీరింగుకి తగిలాయి. దిండు ఇంకొంచెం లావైంది. బూట్లు నాలుగున్నర అయ్యాయి.

"చెప్పు ఇరుకైతే కాలు కోసుకున్నారని విన్నాను," అంది ఆవిడ, గోడ పట్టుకుని నడుస్తూ. "మీరు నయం, కాలు పెంచుతున్నారు."

ఆదివారం పొద్దున్న మొదటిసారి బండి తీశారు. అంటే, తీద్దామనుకున్నారు. మిల్లీమీటర్ గారు గేటు దగ్గర నిలబడి వెనక్కి రమ్మని చెయ్యి ఊపుతున్నారు. నాలుగున్నర అంగుళాల చెక్క కింద క్లచ్చి ఎక్కడ పట్టుకుంటుందో, ఎక్కడ వదులుతుందో ఆవిడకి ఏం తెలుస్తుంది? గేరు వెనక్కి పడిందనుకుంది, ముందుకి పడింది. స్టీరింగు కుట్టు గది గోడ వైపే తిరిగి ఉండడంతో, రెండు కార్లకి సరిపడా ఇంజను అటు ఒక్క దూకు దూకింది. సగం గోడ కాబట్టి పెద్దగా ఎదురుచెప్పకుండా పడిపోయింది. దుమ్ము తగ్గాక చూస్తే కారు ముక్కు కుట్టు మిషను ముందు ఆగి ఉంది, నడుము బిగించమని అడగడానికి వచ్చినట్టు.

మిల్లీమీటర్ గారు పరుగెత్తుకొచ్చారు. జేబులోంచి టేపు తీసి బంపరు దగ్గర మోకాళ్ళ మీద కూర్చున్నారు.

"మూడు మిల్లీమీటర్లు లోపలికి పోయింది," అన్నారు నేల మీంచి.

ఆవిడ దిగింది. ఒక బూటు పెడలు కింద ఇరుక్కుపోయింది, ఇంకోటి కాలికే ఉంది. జుట్టు నిండా ఇటుక పొడితో, ఒక పక్కకి ఒరిగి నిలబడింది.

"నాకేమైందో అడగరా?"

ఆయన గబుక్కున లేచారు. "అయ్యో, నీకేమైనా తగిలిందా?"

"ఏమీ తగల్లేదు. నా ఎత్తెంతో చెప్పండి."

ఆయన ఆవిడని తల నుంచి కాళ్ళదాకా చూశారు. ఏ కారు నేలకి ఎంత ఎత్తులో ఉంటుందో నిద్రలో లేపి అడిగినా చెప్పగలరు. "ఐదు... ఐదడుగులు ఉంటావు కదూ?"

"నాలుగడుగుల తొమ్మిదిన్నర. ఈ ఇంటికొచ్చి ఇరవై ఏడేళ్ళయింది. వాలు కొలిచారు, గోడ కొలిచారు, సీటు కొలిచారు. నన్నొక్కసారి కొలిస్తే ఇవన్నీ ఉండేవా?" ఆవిడ ఆయన చొక్కా వైపు వేలు చూపించింది. "ఆ చొక్కా విప్పండి."

"చొక్కా ఎందుకు?"

"విప్పండి."

విప్పారు. ఆవిడ మిషను బల్ల మీద దుమ్ము తుడిచి, చొక్కా పరిచింది. "ఇప్పుడు పట్టండి టేపు. రెండు చేతులకీ."

ఆయన చొక్కా కుడి చెయ్యి కొలిచారు. ఎడమ చెయ్యి కొలిచారు. మళ్ళీ కుడిది కొలిచారు. ముప్పై ఒక్క మిల్లీమీటర్ల తేడా.

"ఇది లోపం ఉన్న సరుకు. షాపువాడు..."

"మిగతావి బీరువాలో ఉన్నాయి."

పదకొండు చొక్కాలు కొలిచారు. పదకొండింటికీ ఎడమ చెయ్యే పొట్టి.

"చిన్నప్పుడు మీ చెయ్యి విరిగిందట కదా. అది కాస్త పొట్టిగా అతుక్కుంది," అంది ఆవిడ, ఇటుకల మీద కూర్చుంటూ. "పెళ్ళైన కొత్తలో మీరు టేపు పట్టుకున్నప్పుడల్లా ఆ చొక్కా చెయ్యి వేళ్ళ మీదకి జారి అంకెలు కప్పేసేది. చొక్కాని తిట్టుకునేవారు. అప్పట్నుంచీ కొత్త చొక్కా వస్తే ఉతికిస్తానని లాక్కునేదాన్ని. ఉతకడం కోసం కాదు."

"మరి నాకు చెప్పలేదేం?"

"చెప్తే వేసుకునేవారా?"

ఆయన రెండు చేతులూ ముందుకి చాపి చూసుకున్నారు. అవును, ఎడమది పొట్టి. యాభై ఎనిమిదేళ్ళుగా ఒంటి మీదే ఉన్నదాన్ని ఇప్పుడే చూస్తున్నారు. ఊరందరికీ ఎర్ర కాయితాలు రాసిన చెయ్యి కుడిదైనా, టేపు కొస పట్టుకున్నది మాత్రం ఈ ఎడమదే. ఆయనకి సిగ్గేసింది. ఆ వెనకే ఏడుపొచ్చింది, బనియనుతో ఆ ఇటుకల మధ్యే కూర్చుని ఏడ్చారు. ఆవిడ ఊరుకోమనలేదు.

మర్నాడు ఆవిడ గుడ్డ టేపుతోనే ఆవిడని కొలిచారు. నడుము నుంచి మడమ దాకా, మోకాలు నుంచి అరికాలు దాకా, మూడేసి సార్లు. ఆ చీటీ పట్టుకుని గ్యారేజీకి వెళ్ళారు. మొదటి రంధ్రం ఆయనే వేశారు. వేసేటప్పుడు కళ్ళు మూసుకోబోతే బావమరిది తిట్టాడు. సీటు కింద ప్యాకింగు వేసి, పెడల్లకి దిమ్మలు బిగించి, అంతటితో ఆపించారు. వెనక రెక్క ఒకటి ఉచితంగా వేస్తానని బావమరిది బతిమాలినా ఒప్పుకోలేదు.

మార్పు చేసిన బండిని తనిఖీకి చూపించి తీరాలి. సొంత బండిని సొంతంగా తనిఖీ చేసుకోకూడదు. కాబట్టి ఆయన దగ్గరే పని నేర్చుకున్న కొత్త ఇన్‌స్పెక్టరమ్మ చేతికి వెళ్ళింది. భార్య మామూలు చెప్పులేసుకుని, తనే బండి నడుపుకుంటూ వచ్చి, తెల్ల గీత మీద సరిగ్గా ఆపింది.

ఇన్‌స్పెక్టరమ్మ కారు కిందంతా చూసి, లోపలికి తొంగిచూసి, ఇబ్బందిగా లేచింది. "సార్, పెడల్లకి మార్పుంది."

"రాయమ్మా."

మార్పు రాసింది, కొలత రాసింది. ఆయన నేర్పినట్టే మూడో గడికి గీత కొట్టబోయింది. ఆయన చెయ్యి అడ్డం పెట్టారు.

"కారణానికి టేపు పట్టదన్నారు కదా సార్?"

"పడుతుంది. నేనే పట్టలేదు." పెన్ను తీసుకుని గడిలో ఆయనే రాశారు: మా ఆవిడ ఎత్తు నాలుగడుగుల తొమ్మిదిన్నర అంగుళాలు.

ఆ గడి నిండిన కాయితం ఆ కేంద్రంలో అదే మొదటిది. తర్వాత ఏం చెయ్యాలో ఇన్‌స్పెక్టరమ్మకి తెలియలేదు. గడి కింద చీమల్లాంటి అక్షరాలు కనిపించాయి: కారణం నింపినచో వెనుకకు తిప్పుము. తిప్పింది. వెనక ఒకే వాక్యం ఉంది. పైకి చదివింది.

"నడిపే వ్యక్తి శరీరమునకు తగినట్లు చేసిన మార్పునకు ఈ ఎర్ర కాయితము వర్తించదు."

ఇరవై తొమ్మిదేళ్ళుగా అది ఆ కాయితం వెనకే ఉంది. మిల్లీమీటర్ గారు లోపలికి వెళ్ళి, పాత నకళ్ళ బీరువా తెరిచి, చాలాసేపు వెతికి, ఒక వెలిసిపోయిన కాయితంతో బయటికొచ్చారు. బ్రేకు కడ్డీ, నాలుగు వందల ఇరవై మిల్లీమీటర్లు. మూడో గడికి అడ్డంగా గీత. అడుగున ఆ పెద్దాయన చిరునామా.

భార్య పక్క సీట్లో కూర్చుని బెల్టు పెట్టుకున్నారు.

"షాపులకి తర్వాత వెళ్దాం. ముందు ఇక్కడికి వెళ్ళాలి," అని కాయితం చూపించారు.

ఆవిడ చదివింది. క్లచ్చి పూర్తిగా అణిచి, గేరు వేసింది. "ఎంత దూరం?" అంది.

ఎంత దూరమో మిల్లీమీటర్ గారికి తెలియదు.