సర్వే లేకుండా వచ్చిన జవాబు

మా పిన్నితో వాదనకు దిగి గెలిచినవాళ్లు మా ఇంట్లో లేరు. ఆర్థిక పరిశోధన సంస్థలో గణాంకాల పని ఆమెది. మంచి బడిలో చదివితే పెద్దయ్యాక సంపాదన ఎంత పెరుగుతుందో లెక్కగట్టేది. కూర ఉడికిందా అని అడిగినా "ఉడికి ఉండే అవకాశం ఎనభై శాతం" అనేది. మూత తీసి చూడొచ్చుగా అంటే మాత్రం కోపం వచ్చేది.

ఆమెది బేసియన్ పద్ధతి. ముందు మన అంచనా ఏమిటో, దాన్ని ఎంత గట్టిగా నమ్ముతున్నామో కంప్యూటరుకు చెప్పాలి. తర్వాత సర్వే సమాచారం ఇస్తే, ఆ అంచనా ఎంత కదలాలో అది తేలుస్తుంది. చిన్న బడులను ఎంత బాగుచేసినా అక్కడి పిల్లల సంపాదనలో తేడా రాదని పిన్ని రిపోర్టు తేల్చింది. దాన్ని పట్టుకుని విద్యాశాఖ పైవాళ్లు కొన్ని బడులు మూసేయాలని నిర్ణయించారు. వాటిలో మా అమ్మ హెడ్‌మిస్ట్రెస్‌గా ఉన్న బడి కూడా ఉంది.

ఓ సభలో ఈ రిపోర్టు గురించి మాట్లాడమని పిన్నిని పిలిచారు. సర్వే తన అంచనాను ఎంత మార్చిందో గొప్పగా చూపిద్దామని, సర్వే మొత్తం తీసేసి అదే లెక్క మళ్లీ నడిపింది. అదే జవాబు వచ్చింది. వేలమంది గడపలెక్కి అడిగి తెచ్చిన సమాచారం ఆమె నమ్మకాన్ని వెంట్రుకవాసి కూడా కదపలేదు. అంత గట్టిగా బిగించి పెట్టింది మరి. దాన్ని కాస్త సడలించి చూస్తే, బాగుపడిన చిన్న బడుల పిల్లల సంపాదన పెరిగినట్టు స్పష్టంగా కనబడింది. రిపోర్టు వెనక్కి తీసుకోమని డైరెక్టరుకు రాసి, తిన్నగా అమ్మ బడికి వచ్చింది.

నేనూ అక్కడే ఉన్నాను. తరగతిలో సగం బెంచీలు ఖాళీ. అమ్మ గోడ మీది ప్రపంచ పటం తీసి చుడుతోంది.

"అప్పుడే సర్దేస్తున్నావేంటక్కా? ఇంకా ఆర్డరు రాలేదుగా!"

"ఎలాగూ వస్తుందిగా. పిల్లల అమ్మానాన్నలు ధర్నా చేస్తామన్నారు. నేనే వద్దన్నాను. మా చెల్లెలు లెక్కేసిందంటే తప్పుండదు, పిల్లల్ని ఇప్పుడే వేరే బళ్లో చేర్చుకోండి అని చెప్పాను."

పిన్ని బెంచీ మీద కూలబడింది. జరిగిందంతా చెప్పింది. గలగలా మాట్లాడే మనిషి ఒక్కో మాటా కూడబలుక్కుంటుంటే నాకు జాలి వేయలేదు, ఒళ్లు మండింది.

అమ్మ అరవలేదు. "చిన్న బళ్లో చదివితే ఏమీ ఒరగదని నీకంత నమ్మకం ఎక్కణ్ణుంచి వచ్చిందే?"

పిన్ని తల ఎత్తకుండానే చెప్పింది.

"నిన్ను చూసే, అక్కా. నువ్వు ఇక్కడే చదివావు, ఈ జీతానికే ఉండిపోయావు. నేను పెద్ద బడికెళ్లాను, ఇంతదాన్నయ్యాను. అంతేనేమో అనుకున్నా."

"మరి ఆ పెద్ద బడి ఫీజు ఎవరు కట్టారే?"

తాతయ్య పోయాక పై చదువు మానుకుని, ఈ బడిలో ఉద్యోగానికి చేరి, అమ్మే కట్టింది. ఆ సంగతి పిన్నికి తెలియంది కాదు. లెక్కలోకి రాలేదు, అంతే.