మెత్తగా మాట్లాడని వదినగారు

గౌరవనీయులైన పెద్దలకు, బంధువులకు, బైరకూరులోని ఇరుగుపొరుగువారికి నమస్కారములు.

మా వదినగారు ఇక లేరు. మధ్యాహ్నం రాగిముద్ద తిని, వసారాలో కొంచెంసేపు నడుం వాల్చినవారు మళ్ళీ లేవలేదు. ఎనభై దాటిన నిండు జీవితం. బాధ పడకుండా వెళ్ళారు. అందుచేత నా మనస్సులో దుఃఖం కంటె కృతజ్ఞతయే ఎక్కువగా ఉన్నది.

వదినగారిది పెద్ద గొంతు. పట్టుపురుగులు పెంచే మా ఇంట కోడలిగా అడుగుపెట్టినప్పటి నుండి ఆ గొంతుతోనే ఇల్లు నడిపారు. "ఉండాది" అనరాదు, "ఉన్నది" అనవలెనని, ఉపాధ్యాయుడినైన కొత్తలో నేనొకసారి దిద్దబోయాను. "నీ ఉన్నది నీ బడిలోనే ఉండనీప్పా. ఈడ ఆకు కోసేదుండాది, లెయ్" అన్నారు. కనుక ఈ లేఖలో ఆమె మాటలను దిద్దకుండానే వ్రాస్తున్నాను.

కొన్నేళ్ళ క్రిందట, పదిహేనేళ్ళ వయస్సులో, నా మనవరాలికి మెదడువాపు జ్వరం వచ్చింది. చాలాకాలం ఆసుపత్రిలో ఉండి, పూర్తిగా నయమైనదని వైద్యులు చెప్పిన తరువాతనే కోలారు పక్కనున్న తమకలోని మా ఇంటికి చేరింది. ఆమె ఎదుట మేమెవ్వరమూ గొంతు పెంచలేదు. ఆమె తండ్రి, చిన్న విషయానికీ కసిరే మా అబ్బాయి, ఆమె చదువు మాట ఎత్తడమే మానివేశాడు. నేనైతే ఆమె మాటలో తప్పు దొర్లినా ఊరకున్నాను. అయినా పిల్ల నానాటికీ ముడుచుకొనిపోయింది. తినదు, బడికి పోనంటుంది, గోడవైపు తిరిగి పడుకుంటుంది. గాలి మార్పు కోసమని అందరమూ కలిసి ఆమెను బైరకూరులోని వదినగారి ఇంటికి తీసుకొనిపోయాము.

అప్పుడు పట్టుపురుగులు గూడు కట్టబోయే ముందు చివరి మేత మేస్తున్నాయి. ఇంటిల్లిపాదికీ ఊపిరాడని పని. పిల్ల పురుగుల గది గడప దాటిందో లేదో, వదినగారు కేక వేశారు.

"ఏమే! మొగానికి పౌడరు పూసుకోని పురుగులింట్లోకి వస్తావా?"

మా కోడలు కంగారుగా అడ్డుపడబోయింది. అంతలో పిల్లే, "రోంతే పూసుకున్నానవ్వా" అన్నది.

"రోంత అని పురుగుకి తెలుస్తాదా? ఆ వాసనకి మేత మానేస్తాయి. పో, కడుక్కోని, ఆకు తట్ట ఎత్తుకోని రా."

పిల్ల ముఖం కడుక్కొని, తట్టతో వచ్చింది. పురుగులకు మల్బరీ ఆకు పరుస్తూ, నేను గడప బయట ఉన్నానని ఎరుగక, అడిగింది:

"అవ్వా, నేను చచ్చిపోతానా?"

"ఎవురే చెప్పింది?"

"ఎవురూ చెప్పలా. ఇంట్లో అందురూ మంచిగా మాట్లాడతా ఉండారు. నాయన తిట్టేదే లేదు. డాక్టరు ఏందో చెప్పుంటాడు, నాకి దాస్తా ఉండారు."

నేను లోపలికి అడుగుపెట్టబోయి ఆగిపోయాను. వదినగారు మాత్రం పెద్దగా నవ్వారు. "ఇప్పుడే తిడితిని గదే నిన్ను! సచ్చేదాన్ని ఎవురన్నా పౌడరుకి తిడతారా?"

పిల్ల నవ్వింది. ఆ తరువాత వదినగారి భుజంపై తల ఆనించి చాలాసేపు ఏడ్చింది.

భోజనాల వేళ వదినగారు మా అందరినీ చూసి, "ఇంగ చాలప్పా మీ మెత్తని మాటలు. బిడ్డ బెదిరిపోయుండాది. దానికి బాగయిందని మీరు నమ్మితే, ఎప్పుట్లా మాట్లాడండి" అన్నారు.

మా అబ్బాయి కూతురి కంచంవైపు చూశాడు. "ముద్ద చల్లారిపోతా ఉండాది, యాడ చూస్తా ఉండావు?" అని కూతురిని కసిరాడు.

"తింటా ఉండాను గదా!" అని పిల్ల అంతకంటె గట్టిగా కసిరింది. నిజంగానే తిన్నది.

భయం ఒక్కపూటలో పోలేదు. తలనొప్పి వస్తే చాలు, పిల్ల బెదిరి వదినగారికి ఫోను చేసేది. "తలనొప్పా? నాకూ ఉండాది. డాక్టరుకి చూపించుకో, ఆనక బడికి పో" అనేవారు. ధైర్యం చెప్పడానికి ఆమెకు తెలిసిన పద్ధతి అదొక్కటే. రానురాను ఆ ఫోనులలో తలనొప్పి ఊసు తగ్గి, స్నేహితురాళ్ళ మీద చాడీలు పెరిగాయి. ఇప్పుడు ఆ పిల్ల కోలారులో కళాశాలకు వెళ్ళుతున్నది. ఇంట్లో అందరికంటె పెద్ద గొంతు ఆమెదే.

సంస్మరణ నాడు ఈ లేఖను ఎవరైనా, వంట చేసేవారికి కూడా వినబడేటట్లు, బిగ్గరగా చదవవలసినదిగా ప్రార్థన. నా గొంతు అంత దూరం చేరదు. మధ్యలో నా మనవరాలు తప్పక అడ్డుతగులుతుంది. "అట్ల కాదు తాతా, అవ్వ ఇంకా గట్టిగా తిట్టింది" అంటుంది. అప్పుడు దయచేసి చదవడం ఆపండి. ఆమె చెప్పడం ముగించేవరకు, కాగితం చేతిలో పట్టుకొని అలాగే నిలబడండి.