బెదిరించడం చేతకాని అత్తగారు

రిటైరయ్యాక టీచరమ్మకి ఇంట్లో తోచక, నోరు ఊరుకోక, మొగుడి బుర్ర తినేస్తుంటే, కోడలు జాలిపడి తన ల్యాబులో చేర్చుకుంది.

"ఈ నెల చూద్దాం అత్తయ్యా. ఏదైనా పాడుచేశారో, మళ్లీ ఇంటికే."

ఇంటికే అనేసరికి టీచరమ్మ గుండె జారిపోయింది. మొగుడి గుండె ఇంకా ఎక్కువ జారింది.

మొక్కల ల్యాబన్నారు గాని అక్కడ ఒక్క మొక్కా లేదు. వేరులోంచి తీసిన కణాలు గాజుబుడ్లలో, తీపినీళ్లు తాగుతూ, ఊగే బల్ల మీద తెల్లగా పెరుగుతుంటాయి. వాటి చేత ఓ ఎర్రటి మందు చేయించాలి. కాలిన గాయాలకట.

టీచరమ్మ కంటికి అవి ఒకటో తరగతి పిల్లల్లా కనిపించాయి. మూత తీసి "ఏరా బంగారాలూ" అనబోతే, కోడలు పరిగెత్తుకొచ్చి మూతికి మాస్కు తగిలించింది.

"మీరు మాట్లాడితే బూజు పడుతుంది!"

ఇంతమంది పిల్లల ముందు ఆవిడ నోరు మూసుకోవడం జన్మలో అదే మొదలు.

కణాలు ఒళ్లు చేశాయి. మందు మాత్రం చుక్క లేదు.

"కడుపు నిండా తిని ఊయలూగుతుంటే ఎవరు పనిచేస్తారు? ఇక భయపెట్టాలి" అంటూ కోడలు ఉడకబెట్టిన ఈస్టు రసం చేతికిచ్చింది. "కాస్త కాస్త వెయ్యండి. ఏదో తెగులు వచ్చిపడిందనుకుని, కాచుకోడానికి ఆ మందు చేసుకుంటాయి."

టీచరమ్మ వేసుకుంటూ పోయింది. చివరి వరస దగ్గర చెయ్యి ఆగిపోయింది. ఆ వరస తన చేత్తో పెట్టింది. ఏ తప్పూ చెయ్యని పిల్లల్ని బెదిరించడమా? చుక్క వెయ్యకుండా వదిలేసింది. బడిలోనూ ఇంతే. బెత్తం పట్టుకు తిరిగేది గాని, దాంతో కొట్టింది బల్లనే.

వారం తిరిగేసరికి మిగతా బుడ్లన్నీ దానిమ్మగింజల్లా ఎర్రబడ్డాయి. చివరి వరస తెల్లమొహం వేసుకుని కూచుంది. దాని పక్కన టీచరమ్మదీ అదే మొహం.

"వీటికి వెయ్యలేదా అత్తయ్యా?"

"చేతులు రాలేదమ్మా."

"లోకంలో అత్తలందరికీ బెదిరించడం పుట్టుకతో వస్తుందే! నాకు దొరికిన అత్త ఇలాగా?"

"నువ్వు కాపరానికొచ్చిన కొత్తలో బెదిరిద్దామనే చూశానే అమ్మాయ్. అప్పుడూ చేతకాలేదు. నువ్వు అసలు గమనించను కూడా లేదు."

మాస్కు వెనక కోడలు ఫక్కున నవ్వింది. నవ్వుతూనే ఓ తెల్లబుడ్డి పైకెత్తి చూసి, నవ్వు ఆపేసింది. టీచరమ్మ చేతిసంచి సర్దుకోవడం మొదలెట్టింది.

"ఎక్కడికి? భయపడ్డవి ఎదుగుదల మానేశాయి. ఇవి చూడండి, ఎంత ఒత్తుగా ఉన్నాయో! వీటిని పంచి కొత్త బుడ్లు పెట్టుకోవచ్చు. రేపట్నుంచి పెంచే గది మీది, బెదిరించే గది నాది. అటు తొంగి కూడా చూడొద్దు."

"ఉద్యోగం ఊడిందా?" అని సాయంత్రం ఇంటి గుమ్మంలోనే అడిగాడు మొగుడు, బిక్కమొహంతో. లేదని తెలిశాక గాని కుర్చీలో కూలబడలేదు.

పెంచిన బుడ్లు అవతలి గదికి వెళ్లే రోజున మాత్రం టీచరమ్మ చూడలేక సెలవు పెట్టి ఇంట్లో ఉంటుంది. ఆ రోజు ఆవిడ వల్ల బెదిరిపోయేది మొగుడొక్కడే.