బాబా నడుము వంగే వేళ

దగ్గరికి జరిగి కూచోండి, కాళ్లు చాపుకోండి పర్వాలేదు. నేను చెప్పేది గోల్ఫ్ ఆట సంగతి. కడప జిల్లా ఆడదానికి గోల్ఫ్‌తో ఏం పని అని నవ్వేవాళ్లు ముందే నవ్వేసుకోండి, తర్వాత నవ్వు రాదు.

మస్కట్‌లో ఖురం అనే పేట పక్క నేను పనిచేస్తాండే ఇంట్లో మామా పోయినాక బాబా ఒక్కడే మిగిలినాడు. ఈడ పనిచేసేవాళ్లమంతా ఇంటి యజమానురాలిని మామా అని, యజమానిని బాబా అని పిలుస్తాం. ఆయన గడప దాటేది శనివారం పొద్దున మాత్రమే, పాత స్నేహితులతో గోల్ఫ్ ఆడేదానికి. ఆ పొద్దు గడ్డం దువ్వుకుంటాడు, అత్తరు పూసుకుంటాడు. మిగతా రోజుల్లో అన్నం తినమని బతిమాలాల్సిందే.

ఆ ఏడు ఆయన గోల్ఫ్ కట్టె బాల్‌కు తగలడం మానేసింది. బాల్ వెనక మట్టిని కొడతాండె. ఆట నేర్పే సారు ఇంటికొచ్చి చూసి చెప్పినాడు. "కట్టె పైకెత్తేటప్పుడు ఎడమ పక్కకు వంగాల. అది కిందికి దిగుతా ఉండంగా కుడి పక్కకు వంగుతా రావాల. మీరు కట్టె పైనుండంగానే కుడికి ఒరిగిపోతాండారు." అంటే బాబాకు వంగేది తెలుసు, వంగే వేళ తెలీదు.

"బింతీ, వెనక నిలబడి వేళ చెప్పు," అన్నాడు నాతో. బింతీ అంటే బిడ్డా అని. పెరట్లో గోడకు వల కట్టించినాడు. నేను చీపురు పక్కన పెట్టి నిలబడితి. "ఇప్పుడు బాబా" అనేలోపల మట్టి ఎగిరి పడేది. ఎన్నిసార్లు చెప్పినా అదే.

హైదరాబాద్ డ్రైవర్ కారు తుడుస్తా నవ్వె. "అక్కా, నువ్ కోచ్ అయినవ్ గద, రేపట్నుంచి వంట ఆ సారు చేస్తడా?"

"నోరు మూసుకోని అద్దం తుడువు నాయనా, నీ మొగం అగపడ్తాది," అంటి.

అప్పుడు నాకు రోకలి జ్ఞాపకమొచ్చె. మా పక్క ఒకే రోట్లో ఇద్దరు ఆడోళ్లు దంచుతాం. ఒకరి రోకలి లేస్తే ఒకరిది పడాల. మాటలతో చెప్పుకుంటామా? "హుఁ" అని ఊపిరి ఇడుస్తాం, దానికే రెండో ఆమె నడుము వంగుతాది. మాట అయితే వినాల, అర్థం చేసుకోవాల. ఊపిరికి అదంతా లేదు.

కట్టె దిగడం మొదలు కాంగానే "హుఁ" అంటి. బాబా నడుము కుడికి వంగె, బాల్ టక్కని పోయి వలకు తగిలె. ఆయన చిన్నపిల్లోని మాదిరి నా పక్క తిరిగి, "ఇంకోసారి!" అనె. ఆ వారమంతా సాయంత్రం హుఁ అనడమే నా డ్యూటీ. కూర మాడతాందని లోపలికి పోతే మాత్రం మళ్లా మట్టే.

"ఈ శనివారం కూడా మట్టే కొడితే ఇంక పోను," అన్నాడు బాబా. "వాళ్లు నన్ను జాలిగా చూస్తారు, అది నాకొద్దు. నువ్వూ రా."

పోతిమి. అంత పచ్చిక నేను మా ఊర్లో వానాకాలంలో కూడా చూడలే. స్నేహితులు నాకు సలాం చెప్పినారు. బాబా బాల్ ముందర నిలబడినాడు. నేను వెనక చేరి ఊపిరి పీల్చుకుంటి. అంతలో ఒక పెద్దాయన నన్ను చూసి పెదాల మీద వేలు పెట్టె, నవ్వుతానే.

"అక్కా, ఎవరన్న కొట్టేటప్పుడు ఈడ దగ్గు గూడ దగ్గొద్దు," అని డ్రైవర్ నా చెవిలో అనె. "ఆట మర్యాద."

ఏళ్ల తరబడి ఆడిన బాబాకు ఆ మర్యాద తెలీదా? నా హుఁ ఒక చప్పుడని ఆయనకు తోచి ఉండదు. తన ఊపిరే అనుకున్నాడేమో.

కట్టె పైకెత్తినాడు. పైన కొంచెం ఆపినాడు. దేనికోసం ఆపినాడో నాకొక్కదానికే తెలుసు. నేను చున్నీ నోట్లో కుక్కుకుంటి. ఆయన ఒరిగె, మట్టి లేచె. బాల్ ఉన్నచోటే ఉండె.

ఎవరూ నవ్వలే. అందరూ వచ్చి భుజం తట్టినారు. ఆయన వద్దనింది దాన్నే.

కార్లో ఇంటికి వస్తాంటే, "నువ్వు అనలేదు బింతీ," అనె.

"అననియ్యలేదు బాబా."

"అవును, అనగూడదు," అనె.

తర్వాతి శనివారం అత్తరు పూసుకోలే. స్నేహితులు ఫోన్ చేస్తే నడుము నొప్పనె. కట్టెల సంచి తలుపు వెనకుంటే దుమ్ము నేనే తుడుస్తా. వంటింట్లో వెల్లుల్లి దంచేటప్పుడు నాకు తెలీకుండానే హుఁ వచ్చేస్తాది. అప్పుడు హాల్లో కుర్చీలో ఉండే బాబా కుడి భుజం కొంచెం కిందికి దిగుతాది, సరిగ్గా వేళకు. అది చూసి నేనేం చేసేది? దంచేది ఆపి నిలబడతా.

పోయి రాండి తల్లీ. మీ ఇంటి పెద్దోళ్ల నడుములు గట్టిగుండాల. వాళ్లు దేనికోసం ఆగి చూస్తారో అది వాళ్లకు అందే ఇల్లు కావాల మీది.