అవ్వ సున్నంతో గీసిన కుప్పం దారి

మేం పిల్లలుగా ఉన్నప్పుడు మదనపల్లెలో మా ఇంటి వెనక గోడ నిండా రోడ్లే...

నాయన టమాటా లారీ తోలేవాడు. మార్కెట్లో లోడు ఎత్తుకుని పోతే రెండు మూడు రోజులకు తిరిగొచ్చేవాడు. రాగానే కాళ్లు కడుక్కుని, పొయ్యిలోంచి బొగ్గు ముక్క తీసుకుని, పోయొచ్చిన దారి గోడ మీద గీసేవాడు. పలమనేరు, కోలారు, బెంగుళూరు... మద్రాసు గీసిన రోజు గోడ చాలక ఆ గీత పక్కనున్న నీళ్ల తొట్టి మీదికి పాకింది!

ఆ గోడకు ఒకటే రూలు. తాము పోని దారి ఎవరూ గీయకూడదు.

అమ్మ దారులు పసుపుతో, అన్నవి బలపంతో, నావి ఎర్రమన్నుతో. బి.కొత్తకోటకు పెళ్లికి పోయొచ్చిన మరునాడు పళ్లు కూడా తోమకుండా ఎర్రమన్ను తడుపుకుని కూర్చున్నాను. మధ్యలో అంగళ్లు అనే ఊరికి ఒక చుక్క పెట్టి మురిసిపోతుంటే, "ఆడ నువ్వు నిద్రపోతాంటివి, లెక్కలేదు" అని అన్న తుడిచేశాడు. ఆ పూటంతా కొట్లాటే...

మా అవ్వకు మాత్రం జానెడు గీత. ఆమె మా నాయనకు అమ్మ. పుట్టిల్లు సోమల. పుంగనూరు మీదుగా మదనపల్లెకు పెళ్లికూతురుగా వచ్చింది, అంతే. బస్సు వాసన తగిలితే చాలు, కడుపులో దేవినట్టు అయ్యేది. అందుకే ఎక్కడికీ పోయేది కాదు.

ఒకరోజు కుప్పం నుంచి కబురు వచ్చింది. అవ్వ చెల్లెలు, మా చిన్నవ్వ, బావి దగ్గర జారిపడి కాలు విరగ్గొట్టుకుంది. మంచం మీద పడుకుని అక్కను చూడాలని ఒకటే కలవరిస్తోందట. అక్కచెల్లెళ్లు కలిసి ఎన్నేళ్లయిందో వాళ్లకే గుర్తులేదు.

అమ్మ, నేను అవ్వను బస్సెక్కించాం. చేతిలో నిమ్మకాయ, కొంగున చింతపండు... ఏవీ పనిచేయలేదు. పుంగనూరు బస్టాండు వచ్చేసరికి మనిషి వాడిపోయింది. దించి అరుగు మీద కూర్చోబెడితే, మూతి తుడుచుకుంటూ చిన్నపిల్ల మాదిరి ఏడ్చింది.

"ఇంక నా సెల్లెలి మొగం సూసే రాత నాకు ల్యా..."

ఉసూరుమంటూ ఇంటికి తిరిగొచ్చాం. అవ్వ ఆ పూట అన్నం కూడా ముట్టలేదు.

మరునాడు నాయన వచ్చాడు. సంగతి విని అవ్వ పక్కన కూర్చుని అన్నాడు... "రేపు కృష్ణగిరికి లోడు పోతాండాదిమా. కుప్పం మీదనే పోవాల. లారీలో రా."

"ఆడమనిషి లారీ ఎక్కితే ఊరు నవ్వదా అప్పా?" అంది అవ్వ.

"నవ్వనీ. నువ్వు నీ సెల్లెల్ని సూడాల్నా, వద్దా?"

తెల్లారగానే అవ్వ లారీ ఎక్కింది. నాయన కింద నుంచి ఎత్తితే, నేను పైనుంచి చెయ్యి పట్టి లాగాను. కిటికీ పక్క అవ్వ, మధ్యలో నేను.

బండి కదిలేముందు నాయన ఒక మాట చెప్పాడు. "మా, నాకు తోడు క్లీనరు ల్యాడు. నువ్వే దారి సూడాల. ముందర మలుపు కనపడితే సెప్పు, ఎద్దులబండి వస్తే సెప్పు. కిందికి మాత్రం సూడొద్దు."

ఇంక చూడాలి అవ్వను! కళ్లు పెద్దవి చేసుకుని రోడ్డు మీదనే పెట్టింది.

"మలుపప్పా... మలుపు!"

"గొర్రెలు, గొర్రెలు! నిదానంగా పోనీ!"

"ఆ సైకిలోడు ఈపక్కకే వస్తాండాడు, హారను కొట్టు!"

అవ్వ చెప్పినవన్నీ నాయన వింటూ, "సరేమా... అట్లేమా" అని తోలుతున్నాడు. నేను పుంగనూరు వచ్చేటప్పుడు ఊపిరి బిగబట్టి కూర్చున్నాను. ఏమీ కాలేదు. ఊరు వెనక్కి పోయింది. అవ్వకు దాని ధ్యాసే లేదు.

చాలాసేపటికి నాయనను అడిగింది... "పుంగనూరు ఎప్పుడొస్తాది రా?"

"పుంగనూరా? పలమనేరు కూడా దాటేస్తిమి కదమా!"

అవ్వ నోరు తెరిచి మమ్మల్నిద్దర్నీ చూసింది. కడుపు తడుముకుంది. తర్వాత నవ్వడం మొదలుపెట్టింది... బోసినోటితో, వి.కోట దాకా నవ్వుతూనే ఉంది.

కుప్పంలో ఇంటి ముందర లారీ ఆగితే వీధి వీధంతా బయటికొచ్చింది. లోపల మంచం మీద కాలికి కట్టుతో చిన్నవ్వ. అక్కను చూసి లేవబోయింది, లేవలేక రెండు చేతులూ చాపింది.

"ఎట్ల వస్తివే అక్కా?"

"ఎట్లనా? లారీని నేనే దారి సూపిచ్చి తోలిస్తి!"

ఇద్దరూ పట్టుకుని ఏడ్చారు, నవ్వారు. "బావి కాడ సూసుకోని నడవద్దా" అని అవ్వ తిట్టింది. "ఇన్నేండ్లు యాల రాలేదు నువ్వు" అని చిన్నవ్వ తిట్టింది. నాయన కృష్ణగిరిలో లోడు దించి వచ్చేదాకా ఆ తిట్లు సాగుతూనే ఉన్నాయి.

ఇల్లు చేరగానే నేను గోడ దగ్గరికి పరిగెత్తి, అవ్వ దారిని సర్రున కుప్పం దాకా లాగేశాను. అవ్వ వచ్చి నడుం మీద చేతులు పెట్టుకుని చూసింది.

"ఇదేం దారే? నేను సెప్పిన మలుపులన్నీ యాడికి పోయె?"

నా గీత చెరిపేసి, వక్కాకు సంచిలోంచి సున్నం కాయ తీసింది. వేలికి సున్నం రాసుకుని మలుపు మలుపూ తనే గీసింది. గొర్రెలు అడ్డమొచ్చిన చోట ఒక చుక్క, సైకిలోడికి ఒక చుక్క. ఆ గోడ మీద అంత వంకరటింకర దారి ఇంకొకటి లేదు. వచ్చిన చుట్టాలందరికీ మొదట దాన్నే చూపించేది. ఆ తర్వాత నాయన యాడికి లోడెత్తినా, "నన్నూ తోడుకోని పో" అనేది!

ఇప్పుడు అవ్వ లేదు, ఆ గోడా లేదు. పోయిన నెల కారులో కుప్పం పోయొచ్చాం. రోడ్లు వెడల్పయ్యాయి, ప్రయాణం హాయిగా ఉంది, కాదనను. ఇంటికొచ్చాక చూస్తే, నేను అడక్కుండానే ఫోను ఆ దారంతా గీసి పెట్టుకుంది. కానీ దారిలో ఏం చూశారని నాయన అడిగితే... పిల్లలు ఫోను తీసి ఆ గీతే చూపించారు. అందులో గొర్రెలు లేవు, సైకిలోడు లేడు.

మీ ఇంట్లో మొట్టమొదట ఊరు దాటి దూరం పోయిన ఆడమనిషి ఎవరు? ఏ బండిలో, ఏ దారిన పోయింది? చెప్పండి... మలుపులు వదిలెయ్యకుండా చెప్పండి.