నా ఫోటో ఉన్న చలివేంద్రం

ఆ ఫ్లెక్సీ మీద ఏం రాసుందని సారు అడిగినప్పుడు నేను నిజం చెప్పలేదు. తర్వాత నిజం చెప్పాల్సిన సందర్భాలు ఇంకా వచ్చాయి. ప్రతిసారీ ఇంకొంచెం దాచాను. కువైట్ శివార్లలోని అమ్ఘరాలో మంచినీళ్ల కూలర్లు పెట్టించింది నేనేనని నమ్మేవాళ్లు మా అన్నమయ్య జిల్లాలోనూ కువైట్‌లోనూ ఇప్పటికీ ఉన్నారు. వాళ్ల కంట పడాలనే ఇది రాస్తున్నాను.

పెట్టించింది మా సారు. ఆయనది స్కాట్లండ్. ఎవరైనా ఇంగ్లీషాయన అంటే ఒప్పుకునేవాడు కాదు, చేతిలో పని ఆపి మరీ దిద్దేవాడు. ఓడలకు తాళ్లు అమ్మే కంపెనీలో గుమాస్తాగా కుర్రతనంలోనే కువైట్ వచ్చాడట. కొన్నేళ్లకు ఒక కువైటీ స్నేహితుడితో కలిసి సొంత వ్యాపారం పెట్టాడు. క్రేన్లకు వాడే ఇనుప తాళ్లు, గొలుసులు, చైన్ పుల్లీలు అమ్మేవాడు. ఇరాక్ దండెత్తిన యుద్ధంలో కొట్టు లూటీ అయింది. యుద్ధం ముగిశాక తిరిగొచ్చి అమ్ఘరాలో ఒక్క గిడ్డంగితో మళ్లీ మొదలుపెట్టాడు. భార్య పోయాక కొడుకు రమ్మని పిలిచినా కదల్లేదు. ఫింటాస్‌లో సముద్రం కనిపించే ఫ్లాట్‌లో ఒక్కడే ఉండేవాడు.

నేను ఆయన దగ్గర స్టోర్‌కీపర్‌గా చేరేనాటికి ఆయనకు డెబ్బై దాటింది. అయినా రోజూ పొద్దున చేతికి తోలు గ్లౌజు తొడుక్కుని, అమ్మకానికి పోయే తాడును పొడవునా తడిమి చూసేవాడు. ఒక్క పోగు తెగి ఉన్నా ఆ తాడు ముక్కలై తుక్కులోకి పోవాల్సిందే. "దీని కింద ఒక మనిషి నిలబడతాడు" అనేవాడు. అంతకు మించి ఉపన్యాసం ఉండేది కాదు.

మా యార్డు ముందు బస్సు ఆగే చోట చెట్టూ లేదు, నీడా లేదు. తుక్కు యార్డుల్లో పనిచేసే మనవాళ్లంతా తలకు తడి తువ్వాలు చుట్టుకుని అక్కడే నిలబడి తమ గదులున్న ఫర్వానియాకు పోయే బస్సు కోసం చూసేవాళ్లు. సారు ఏడాది పాటు ఆఫీసుల చుట్టూ తిరిగి అనుమతి తెచ్చాడు. రేకుల షెడ్డు వేయించి, బెంచీలు, నాలుగు కూలర్లు పెట్టించాడు. పేరు మాత్రం ఎక్కడా రాయించలేదు. చనిపోయినవాళ్ల పేరు మీద ఇలాంటి కూలర్లు పెట్టించడం కువైట్‌లో మామూలే. మీ భార్య పేరైనా రాయిద్దామా సార్ అని అడిగాను. అప్పుడు తన ఊరి సంగతి చెప్పాడు. అక్కడ ఒక పెద్ద వ్యాపారి కట్టించిన నీళ్ల ఫౌంటెన్ ఉండేదట. కుళాయి పైనే ఆయన పేరు, అరచేతంత అక్షరాలు. సారు నాన్న రాతి క్వారీలో కూలి. "మా నాన్న నీళ్లు తాగడానికి వంగితే ఆ పేరుకు దండం పెట్టినట్టుండేది. నాకు చూడబుద్ధయ్యేది కాదు" అన్నాడు.

మా వైపు ఎండాకాలం చలివేంద్రం పెడితే కుండల కన్నా ముందు బోర్డు వస్తుంది. దాత పేరు లేని చలివేంద్రాన్ని మావాళ్లు చూసి ఎరగరు. ఎవరు పెట్టించారో అని వెతికారు. నెలనెలా ఫిల్టర్లు భుజాన వేసుకొచ్చి మార్చేదీ, ట్యాంకు కడిగించేదీ నేను. "నువ్వే గదన్నా" అన్నారు. నేను నవ్వి ఊరుకున్నాను.

ఆ నవ్వు చాలింది వాళ్లకు. ఊళ్లో ఫ్లెక్సీ కొట్టించి, సెలవు నుంచి వచ్చేవాడి సామానులో చుట్టి తెప్పించారు. చేతులు జోడించిన నా ఫోటో, పక్కన "దాహం తీర్చిన దాత". షెడ్డుకు కట్టారు. జగిత్యాల నుంచి వచ్చిన ఫోర్క్‌లిఫ్ట్ డ్రైవర్ ఒకాయన మా యార్డులోనే పనిచేసేవాడు. అది తాడేసి కట్టింది ఆయనే. కడుతూ, "ఏందే అన్నా, ఎలక్షన్ల నిలబడుతున్నవా? గల్ఫ్‌ల నియోజకవర్గం యాడున్నది?" అని ఆటపట్టించాడు.

మర్నాడు సారు దాని ముందు ఆగి, ఏం రాశారని అడిగాడు. నీళ్లు వృథా చేయొద్దని రాశారనీ, చూసుకునేది నేను కాబట్టి నా ఫోటో వేశారనీ చెప్పాను. "మంచి పని. ఏదైనా పాడైతే ఎవర్ని అడగాలో తెలుస్తుంది" అన్నాడు.

తర్వాత నాకు తీరిక తగ్గింది. సెలవు రోజైన శుక్రవారాలు సన్మానాలు, మీటింగులు, శాలువాలు. ప్రతి కూలర్ తలుపు లోపల ఒక కార్డు వేలాడేది. ఫిల్టర్ మార్చినప్పుడల్లా తేదీ వేసి సంతకం చేయాలి. మూడు నెలలు నేను సంతకం మాత్రమే చేశాను. కొత్త ఫిల్టర్లు స్టోర్‌లో అట్టపెట్టెల్లోనే ఉన్నాయి. షెడ్డు మీది ట్యాంకు మూత గాలికి ఎగిరిపోయిన సంగతి కూడా చూడలేదు.

ఎండలు ముదిరాక ఒకే వారంలో పదిమంది దాకా వాంతులతో పడ్డారు. జగిత్యాల ఆయన మూడు రోజులు ఆసుపత్రిలో సెలైన్ ఎక్కించుకున్నాడు. నీళ్ల వల్లేనని తేలగానే నేను చేసిన మొదటి పని ఫ్లెక్సీ విప్పి మడతపెట్టడం. అడిగినవాళ్లకు, ఈ కూలర్లు సారువి, నేను జీతగాణ్ణి అని చెప్పాను. అన్నాళ్లలో ఆ మాట నా నోటి నుంచి రావడం అదే మొదటిసారి.

సారు ప్రతి కార్డూ విప్పి చూశాడు. అన్నింటి మీదా నెలనెలా నా సంతకం ఉంది. నన్నొక్క ప్రశ్న అడగలేదు. ఇన్ని జాగ్రత్తలు తీసుకున్నా ఇలా అయిందంటే తాను ఎంచుకున్న యంత్రాలే చెడ్డవని తీర్మానించుకున్నాడు. మర్నాడు ఒక కాగితం రాసి తెచ్చి, మీ భాషలో వాళ్లకు చదివి వినిపించమన్నాడు. అది క్షమాపణ.

సాయంత్రం బస్సు వేళకు షెడ్డు కింద యాభైమంది దాకా ఉన్నారు. ఆయన టోపీ తీసి నా పక్కన నిలబడ్డాడు. "నా నీళ్ల వల్ల మీకు హాని జరిగింది. తప్పు నాది" అని ఆయన రాసినదంతా తెలుగులో చదివాను, అక్షరం పొల్లుపోకుండా. జగిత్యాల ఆయన వచ్చి సారు చేతులు పట్టుకుని హిందీలో, పోనీండి, జరిగింది జరిగిపోయింది అన్నాడు. యార్డులోకి తిరిగొస్తూ సారు నాకు థాంక్స్ చెప్పాడు. ఆ వారంలోనే కూలర్లన్నీ పీకించేశాడు. ఇక తనను తాను నమ్మలేనన్నాడు. తాళ్లు తడమడం కూడా మానేశాడు. యార్డుకు రావడమే తగ్గించాడు.

షెడ్డు కింద పైపుల మొదళ్లు మాత్రం మిగిలాయి. మనవాళ్లు మళ్లీ సీసాల్లో నీళ్లు మోసుకెళ్లేవాళ్లు, మధ్యాహ్నానికి అవి టీ నీళ్లలా కాగేవి. నెల రోజులు చూశాను. ఒక శుక్రవారం ఫర్వానియాలో జగిత్యాల ఆయన గదికి వెళ్లి, గదిలో ఉన్న ఆరుగురి ముందూ మొత్తం చెప్పేశాను. ఫోన్ చూసుకుంటున్నవాళ్లు కూడా తలెత్తారు.

జగిత్యాల ఆయన, "నీ ఫోటో నేనే గట్టిన తాడేసి. సిగ్గు నాకైతుంది" అన్నాడు.

నన్ను తిట్టమన్నాను.

"తిడితే నీకు పాణం నిమ్మలమైతది. నేను తిట్టను. గా ముసలాయన ఏం జెయ్యని తప్పుకు టోపీ దీసిండు. పో, ఆయనకు జెప్పు. ఈడ గూసుండకు."

బస్సు ఎక్కి ఫింటాస్ వెళ్లాను. సారు తలుపు తీసి, శుక్రవారం పూట నేను రావడం చూసి, ఇంట్లో ఎవరికైనా బాగాలేదా అని అడిగాడు. లేదన్నాను. కూర్చోమన్నాడు. కూర్చోలేదు. ఏళ్ల తరబడి ఆయన దగ్గర నేర్చుకున్న ఇంగ్లీషులోనే, తడబడకుండా చెప్పాలని బస్సులో కూడబలుక్కున్నదంతా తడబడుతూనే చెప్పాను.

"సార్, ఆ కార్డుల మీద నావి దొంగ సంతకాలు. మూడు నెలలు ఫిల్టర్ మార్చలేదు, ట్యాంకు చూడలేదు. మీ యంత్రాల్లో ఏ లోపమూ లేదు. ఆ ఫ్లెక్సీ మీద నీళ్లు వృథా చేయొద్దని లేదు, దాత నేనని ఉంది. మంచిపేరు నేను తీసుకుని, చెడ్డపేరు మీకు వదిలేశాను. మీరు రాసిచ్చిన క్షమాపణ నాది సార్. మీ చేత చెప్పించాను. నన్ను క్షమించండి."