ఫ్లోరమ్మ చెయ్యి

పుంగనూరు నుంచి చౌడేపల్లె పోయే దారిలో ఒక చిన్న మిషన్ ఆసుపత్రి ఉండేది. అక్కడికొచ్చే జనానికి డాక్టరు పేరు తెలియకపోయినా నర్సు ఫ్లోరమ్మ చెయ్యి తెలుసు. ఒళ్లంతా ఎండిపోయిన ముసలివాళ్లకైనా, నెలల బిడ్డలకైనా ఒక్క పోటుతో నరం దొరకబుచ్చుకొని సెలైన్ ఎక్కించేది. మదనపల్లె టమోటా మండీ నుంచి కూడా ఆమె కోసం ఆటో కట్టించుకొని వచ్చేవాళ్లు. "సూది గుచ్చినట్టే తెలీలేదమ్మా" అని ఎవరైనా అంటే ఆ చేతిని ఒకసారి తిప్పి చూసుకొనేది, కొత్త గాజులు వేసుకున్న మనిషిలాగా.

ఆ ఆసుపత్రిలో ఒక పద్ధతి ఉండేది. సూది పట్టుకొనే ముందు నర్సు అర నిమిషం కళ్లు మూసుకొని ప్రార్థించాలి. ఫ్లోరమ్మ దాన్ని ఎన్నడో వదిలేసింది. కొత్తగా చేరిన బీనా మాత్రం ప్రతిసారీ కళ్లు మూసుకొనేది.

"ఏమే, నిద్రొస్తాండాదా?" అనేది ఫ్లోరమ్మ, రోగులందరూ వినేటట్టు. "నువ్వు కండ్లు తెరిసేలోపల నేను బాటిలెక్కించి టీ తాగొస్తా. అంతసేపు దేవున్ని ఏమడగతావే?"

వార్డంతా నవ్వేది. బీనా తల దించుకొనేది.

"నాకు వేళ్లిచ్చేసినాడు దేవుడు. ఇంక ఆయన్ని నస పెట్టేది యాల?"

ఆదివారం చర్చిలో, దేవుడు చేసిన మేలు గురించి సాక్ష్యం చెప్పడానికి నిలబడినా అంతే. దేవుడిచ్చిన చెయ్యి అని మొదలుపెట్టి, చెయ్యి గురించే చెప్పి కూర్చునేది.

1994 మే నెలలో ఒక మధ్యాహ్నం, చౌడేపల్లెలో పాలు పోసి బతికే జయమ్మ ఎనిమిది నెలల కూతురు అనూషను కొంగులో చుట్టుకొని పరిగెత్తుకుంటూ వచ్చింది. రెండు రోజులుగా వాంతులు, విరేచనాలు. బిడ్డ కళ్లు గుంటలు పడ్డాయి. ఏడుస్తోంది గానీ కన్నీళ్లు రావడం లేదు.

"దావలో ఇంకో డాక్టరు సూస్తానన్న్యాడు సిస్టరమ్మా. వద్దని, నీ చెయ్యి పడితే సాలని ఈడికే ఎత్తుకొచ్చినా."

"మంచి పని చేసినావు. ఈడ పండబెట్టు."

మొదటి పోటు తప్పింది. రెండోదీ తప్పింది. రెండు నెలలుగా ఫ్లోరమ్మ వేళ్లు వణుకుతున్నాయి. టీ గ్లాసు రెండు చేతులతో పట్టుకొని ఎవరికీ తెలియకుండా నెట్టుకొస్తోంది. ఐదో పోటు కూడా తప్పాక బీనా మెల్లగా అడిగింది.

"డాక్టరయ్యను పిల్సుకోని వచ్చేదా అక్కా? కాలికాడ కోసి నరం పట్టుకుంటాడు గదా."

డాక్టరు అదే ఆవరణలో, వంద అడుగుల దూరంలో, ఇంట్లో అన్నం తింటున్నాడు.

"నేను సచ్చినానా? గమ్మునుండు."

బీనా గమ్మునుంది. ఫ్లోరమ్మ చేతులు చూసింది, పాదాలు చూసింది, తల మీద వెంట్రుకలు గీసి అక్కడా గుచ్చింది. పదో పోటుకు బిడ్డ ఏడవలేదు.

"సూడు, ఏడుపు మానేసింది నా తల్లి," అంది జయమ్మ సంతోషంగా. "నీ చెయ్యి సల్లనిది సిస్టరమ్మా."

ఎందుకు మానేసిందో ఫ్లోరమ్మకు తెలుసు. అప్పుడు పిలవమంది. డాక్టరు ఎంగిలి చేత్తోనే లేచి వచ్చాడు. కోయడానికి కత్తి తీశాడు, బిడ్డ గుండె మీద చెయ్యి వేశాడు, కత్తి మళ్లీ పళ్లెంలో పెట్టేశాడు.

జయమ్మ చాలాసేపు ఏడ్చింది. ఫ్లోరమ్మ ఎదురుగా నిలబడింది. నా వల్ల కాలేదు, ముందే చెప్పాల్సింది అన్న మాట నాలుక మీదికి వచ్చింది. అంతలో జయమ్మ ఆ చేతిని పట్టుకొని కళ్లకద్దుకుంది.

"నీ చేతికే దొరకలేదంటే ఇంకెవురివల్లా అయ్యేది కాదులేమ్మా. నా బిడ్డకు అంతే రాసుండాది."

వచ్చిన మాట లోపలికి పోయింది.

మరుసటి వారమే ఫ్లోరమ్మ సూది వదిలేసి, కట్టుగుడ్డలు చుట్టే గదిలో పని అడిగి తీసుకుంది. అంత పనిమంతురాలు ఎంత తగ్గించుకుందో చూడండని చర్చిలో పాస్టరయ్యగారు మెచ్చుకున్నాడు. ఆమె తలెత్తలేదు. దాన్ని కూడా వినయమే అనుకున్నారు. ఇంట్లో మోకాళ్ల మీద కూర్చుని కళ్లు మూసుకొనేది. ఒక్క మాటా వచ్చేది కాదు. చెప్పాల్సిన మాట ఒక్కటే ఉంది, దాన్ని దాటి ఇంకో మాట రావడానికి దారి లేదు.

పనిలోంచి దిగిపోయాక కుప్పంలో చెల్లెలింట ఉండింది. 2008లో జ్వరం, వాంతులతో అక్కడి ఆసుపత్రిలో పడింది. ఆ వార్డుకు పెద్ద నర్సు బీనా. ఆమె కళ్లు మూసుకొంది, అర నిమిషం ఆగింది, గుచ్చింది. తప్పింది. ఇంకోసారి గుచ్చింది. అదీ తప్పింది. సూది పళ్లెంలో పెట్టి, చేరి నాలుగు రోజులైనా కాని పిల్లను పిలిచింది.

"యమునా, నా వల్ల కాలేదు. నువ్వు రా తల్లీ."

మంచినీళ్లు తెమ్మన్నంత తేలిగ్గా అంది. ఫ్లోరమ్మ దిండు మీంచి తలెత్తింది.

"ఆ మాట యాడ నేర్సినావే?"

"మీ దగ్గరే అక్కా." బీనా గొంతులో కోపం లేదు. ఉండి ఉంటే బాగుండేది. "ఆ పొద్దు మీకు బయపడి డాక్టరయ్య కాడికి పోకుండా నిలబడిపోయినా. అప్పట్నించి ఆ అర నిమిషం ఒకటే అడగతాండా. తండ్రీ, ఈ ప్రాణం నీ చేతిలో ఉండాది, నా చేతిలో కాదు. నా వల్ల కాకపోతే ఆ మాట చెప్పనియ్యి అని."

యమున చేతికి నరం దొరికింది. సెలైన్ చుక్కచుక్కగా దిగసాగింది. ఫ్లోరమ్మ లేవబోయింది.

"ఇది అయిపోతానే చౌడేపల్లెకు పోవల్ల. జయమ్మకు ఒక మాట చెప్పల్ల."

బీనా ఆమె భుజం పట్టి పడుకోబెట్టింది. "జయమ్మ పోయి మూడేండ్లయింది అక్కా. పోయేదాకా మీ చెయ్యి గురించే చెప్పేదంట."

ఫ్లోరమ్మ గోడ వైపు తిరిగింది. వినాల్సిన మనిషి లేదు. సూది ఉన్న చెయ్యి కదలకుండా పక్కమీద పెట్టుకొని కళ్లు మూసుకొంది.

"నా వల్ల కాలేదు తండ్రీ," అంది.

జవాబు కోసం ఆగలేదు. మళ్లీ అదే మాట అంది.